నీటి నడకను లేజర్‌తో కొలవడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) ఉన్న ఊరు కాబట్టి బెంగళూరు పాఠకుల నుంచి ఫ్లూయిడ్ మెకానిక్స్ ప్రశ్నలు మాకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఈసారి వచ్చినవి చాలావరకు మోడల్ చుట్టూ నీటిని పారించి పరీక్షించే వాటర్ టనెల్‌లో లేజర్ కొలతల గురించే కావడంతో ఈ సంచికను వాటికే కేటాయించాం. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం.

ప్రశ్న: విమానం ఎగిరేది గాలిలో కదా, మోడల్‌ని నీళ్ళలో పెట్టి చూడడం ఎందుకు? ఎల్‌డీవీ (లేజర్ డాప్లర్ వెలాసిమెట్రీ), పీఐవీ (పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ) రెండూ లేజర్ పద్ధతులే అంటున్నారు. మా ప్రాజెక్టుకు ఏది తీసుకోమంటారు? (మెకానికల్ ఫైనలియర్ విద్యార్థి, యలహంక)

ప్రవాహం పోకడ వేగం ఒక్కదాన్నిబట్టి ఉండదు. వేగం, మోడల్ సైజు, స్నిగ్ధత మూడూ కలిసిన రేనాల్డ్స్ సంఖ్యను బట్టి ఉంటుంది. నీటి కైనమాటిక్ స్నిగ్ధత గాలిదానిలో దాదాపు పదిహేనో వంతు. అందువల్ల గాలిలో సెకనుకు 3 మీటర్ల వేగంతో చూడాల్సిన ప్రవాహాన్ని అదే మోడల్ చుట్టూ నీటిలో సెకనుకు 20 సెంటీమీటర్లతో చూడొచ్చు. ఇంత నెమ్మదిగా ఉంటే సుడి పుట్టడం, పెరగడం, విడిపోవడం కంటికే కనిపిస్తాయి. మామూలు కెమెరా, మామూలు టైమింగ్ సరిపోతాయి. బలం కొలవడానికీ లాభమే: ఒకే మోడల్, ఒకే రేనాల్డ్స్ సంఖ్య దగ్గర నీటిలో బలం గాలిలోకంటే సుమారు 3.7 రెట్లు ఎక్కువ. అయితే అసలు విమానం రేనాల్డ్స్ సంఖ్యను ఇలా అందుకోలేం. పదునైన అంచున్న త్రికోణపు (డెల్టా) రెక్కమీద ప్రవాహం ఎక్కడ విడిపోవాలో ఆ అంచే నిర్ణయిస్తుంది కాబట్టి అలాంటి మోడళ్ళకు వాటర్ టనెల్ బాగా పనికొస్తుంది. గుండ్రటి ముందంచున్న రెక్కల ఫలితాలను నేరుగా విమానానికి అంటగట్టకూడదు.

నీటిలో రేణువులు కలిపి ప్రవాహాన్ని చూడడం లేజర్ కంటే పాత పని. 1904 ప్రాంతంలోనే జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ చేత్తో తిప్పే నీటి కాలువలో అభ్రకం పొడి వేసి చూశాడు. 1964లో యే, కమిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హీలియం-నియాన్ లేజర్‌తో నీటి వేగాన్ని ఒక బిందువు దగ్గర కొలిచారు. ఎల్‌డీవీ అక్కడ మొదలైంది. పీఐవీ అనే పేరు 1984లో వాడుకలోకి వచ్చింది. 1991లో విల్లర్ట్, ఘరీబ్ ఫిల్మ్ బదులు డిజిటల్ బొమ్మలతో చేసి చూపించాక అది ప్రపంచమంతా పాకింది.

ఎల్‌డీవీ రెండు లేజర్ కిరణాలు కలిసే ఒక్క బిందువు దగ్గరే కొలుస్తుంది, కానీ సెకనుకు వందలు, వేల రీడింగులు ఇస్తుంది. గోడకు అతి దగ్గరలో, టర్బులెన్స్ స్పెక్ట్రమ్ (వేగంలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఒడిదుడుకు ఉందన్నది) కావలసిన చోట అదే మేలు. పీఐవీలో నీటిలో కలిపిన రేణువులను పలుచటి లేజర్ వెలుగు పొరతో (షీట్) రెండు పల్సులుగా వెలిగించి, ఒక జత బొమ్మలు తీసి, రేణువులు ఎంత జరిగాయో సాఫ్ట్‌వేర్‌తో లెక్కిస్తారు. అది ఒక తలం మొత్తాన్ని ఒక్క క్షణంలో పట్టేస్తుంది. సుడి ఆకారం, వెనక నీడలో ఏం జరుగుతోంది అన్నవి కావాలంటే పీఐవీయే. సిలిండర్ వెనక ప్రవాహం చూడడమే మీ ప్రాజెక్టయితే పీఐవీ తీసుకోండి. 20 మిల్లీమీటర్ల సిలిండర్, సెకనుకు 0.2 మీటర్ల వేగం అనుకుంటే స్ట్రౌహల్ సంఖ్య (సుడులు ఎంత తరచుగా విడిపోతాయో చెప్పేది) 0.2 లెక్కన సుడులు సెకనుకు రెండు చొప్పున విడిపోతాయి. సెకనుకు 15 జతలు తీసే సాధారణ పీఐవీ కెమెరాకు ఒక్కో చక్రంలో ఏడెనిమిది బొమ్మలు దొరుకుతాయి, చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: మా టనెల్‌లో 3,000 లీటర్ల నీరు పడుతుంది. 10 మైక్రాన్ల బోలు గాజు గోళీలు ఎన్ని గ్రాములు వేయాలి? వేసినప్పుడల్లా పైన తెట్టులా తేలుతున్నాయి, ముద్దలు కడుతున్నాయి. (ఎం.టెక్ విద్యార్థిని, మల్లేశ్వరం)

లెక్క కట్టి వేయండి, చెంచాతో కాదు. ఒక ఇంటరాగేషన్ విండోలో (సాఫ్ట్‌వేర్ ఒక్కో వేగాన్ని లెక్కించే బొమ్మలోని చిన్న చదరపు గడిలో) కనీసం పది రేణువులు కనబడాలన్నది అనుభవంతో స్థిరపడ్డ సూత్రం. 100 మిల్లీమీటర్ల వెడల్పు 2,048 పిక్సెళ్ళ మీద పడితే ఒక మిల్లీమీటరుకు సుమారు 20.5 పిక్సెళ్ళు. 32 పిక్సెళ్ళ విండో అంటే నీటిలో 1.56 మిల్లీమీటర్ల చదరం. లేజర్ షీట్ మందం 1 మిల్లీమీటరు అనుకుంటే ఆ విండో ఘనపరిమాణం 2.44 ఘన మిల్లీమీటర్లు. దాంట్లో పది రేణువులంటే ఘన మిల్లీమీటరుకు నాలుగు, ఘన మీటరుకు దాదాపు 400 కోట్లు. ఒక్కో గోళీ 10 మైక్రాన్లు, సాంద్రత 1.1 అయితే మొత్తం బరువు ఘన మీటరుకు 2.4 గ్రాములు. మీ 3,000 లీటర్లకు 7 గ్రాములు. పొడిలో పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటాయి. బరువంతా పెద్దవాటిలోకే పోతుంది కాబట్టి అసలు అవసరం కొంత అటూఇటూ అవుతుంది. ముందు 5 గ్రాములు వేసి, పది నిమిషాలు తిప్పి, ఒక బొమ్మ తీసి, ఏవైనా ఇరవై విండోల్లో రేణువులను లెక్కపెట్టండి. తర్వాత గ్రాము చొప్పున పెంచండి. ఎక్కువైతే తీయడం కష్టం. నీళ్ళు పాలరంగులోకి తిరిగి, షీట్‌కూ కెమెరాకూ మధ్యనున్న రేణువులే తెరలా అడ్డుపడతాయి.

ఇక తెట్టు సంగతి. పొడి పొడిగా ఉన్న గోళీలకు గాలి అంటుకుని ఉంటుంది, అందుకే తేలతాయి. అర లీటరు సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, పొడి కలిపి గట్టిగా ఊపండి. ఒక చుక్క చాలు, నాలుగు చుక్కలైతే టనెల్ నిండా నురగే. గంటసేపు కదపకుండా ఉంచితే తేలికవి పైకి వస్తాయి, పగిలినవీ బరువైనవీ అడుక్కు దిగుతాయి. పైదీ కిందదీ వదిలేసి మధ్య నీటిని మాత్రమే పైపుతో లాగి టనెల్‌లో కలపండి. పనికొచ్చే రేణువులు ఆ మధ్య భాగంలోనే ఉంటాయి. ఇది చేయని ల్యాబులే ఎక్కువ, అందుకే ఈ ఫిర్యాదూ ఎక్కువ. పొడిని తూచేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి. సన్నటి గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

రేణువు నీటితోపాటే కదులుతుందా అన్న అనుమానం కొందరు రాశారు. స్టోక్స్ సూత్రం ప్రకారం 10 మైక్రాన్ల గోళీ (సాంద్రత 1.1) సెకనుకు 5 మైక్రాన్లు మాత్రమే కిందికి దిగుతుంది. ప్రవాహం మారితే దాదాపు 6 మైక్రోసెకన్లలో అందుకుంటుంది. 50 మైక్రాన్ల పాలీఅమైడ్ రేణువు (సాంద్రత 1.03) సెకనుకు 41 మైక్రాన్లు దిగుతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల ప్రవాహంలో రెండూ పట్టించుకోనక్కరలేనివే. సెకనుకు 2 మిల్లీమీటర్లు మాత్రమే కదిలే సహజ సంవహన ప్రయోగంలో మాత్రం రెండోది వాడితే తప్పు 2 శాతం దాటుతుంది.

ప్రశ్న: రెండు పల్సుల మధ్య సమయం ఎంత పెట్టాలో ఎవరిని అడిగినా "ట్రై చేసి చూడు" అంటున్నారు. ఇంకో సమస్య: మా వెక్టర్ల (రేణువుల కదలికను చూపే బాణాల) హిస్టోగ్రామ్ తీస్తే 3, 4, 5 పిక్సెళ్ళ దగ్గర కొండల్లా లేచి మధ్యలో లోయలు వస్తున్నాయి. (రీసెర్చ్ అసిస్టెంట్, జాలహళ్ళి)

మొదటిదానికి కచ్చితమైన ఆధారం ఉంది. రెండు పల్సుల మధ్య రేణువు విండో వెడల్పులో నాలుగోవంతుకు మించి జరగకూడదు. మించితే చాలా రేణువులు విండో దాటిపోయి జతలు దొరకవు. 32 పిక్సెళ్ళ విండోకు గరిష్ఠం 8 పిక్సెళ్ళు. పై ప్రశ్నలోని స్కేలే తీసుకుంటే 8 పిక్సెళ్ళంటే 0.39 మిల్లీమీటర్లు. సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగానికి సమయం సుమారు 2 మిల్లీసెకన్లు. పెద్ద విండోతో మొదలుపెట్టి 64, 32, 16 అని తగ్గించే పద్ధతిలో ఈ నియమం మొదటి 64కే వర్తిస్తుంది కాబట్టి 16 పిక్సెళ్ళ దాకా పోవచ్చు. షీట్‌కు అడ్డంగా వచ్చే కదలికకూ ఇదే నియమం: అది షీట్ మందంలో నాలుగోవంతు దాటకూడదు. ప్రొపెల్లర్ వెనకలాంటి మెలితిరిగే ప్రవాహాల్లో దీన్నే ముందు చూడాలి. చాలాసార్లు సమయాన్ని నిర్ణయించేది ఇదే.

సమయం మరీ తగ్గించినా నష్టమే. కొలతలో తప్పు సుమారు 0.1 పిక్సెల్ అనుకుందాం. 8 పిక్సెళ్ళ కదలికలో అది 1.25 శాతం, 2 పిక్సెళ్ళలో 5 శాతం. చిన్న సమయం పెట్టుకుని "వెక్టర్లన్నీ బాగా వచ్చాయి" అని సంతోషించేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

రెండో సమస్య పేరు పీక్ లాకింగ్. రేణువు బొమ్మ ఒకే పిక్సెల్‌లో ఇరుక్కుపోతే సాఫ్ట్‌వేర్‌కు ఉపపిక్సెల్ స్థానం (పిక్సెల్‌లో ఏ భాగాన ఉందన్నది) తెలిసే దారి ఉండదు, దగ్గరి పూర్ణాంకానికి లాగేస్తుంది. బొమ్మ వ్యాసం 2 నుంచి 3 పిక్సెళ్ళు ఉండాలి. నీళ్ళలోని 10 మైక్రాన్ల రేణువు బొమ్మ సైజును నిర్ణయించేది రేణువు కాదు, లెన్స్ డిఫ్రాక్షన్. 5.5 మైక్రాన్ల పిక్సెల్, 0.113 మాగ్నిఫికేషన్, 532 నానోమీటర్ల వెలుగు అనుకోండి. అపర్చర్ ఎఫ్/2.8 అయితే బొమ్మ సుమారు 4.2 మైక్రాన్లు, అంటే ముప్పావు పిక్సెల్. ఎఫ్/8 అయితే 11.6 మైక్రాన్లు, అంటే 2.1 పిక్సెళ్ళు. వెలుతురు చాలట్లేదని మీరు అపర్చర్ తెరిచి ఉంటారు. ఎఫ్/8కు తెచ్చి, తగ్గిన వెలుగును లేజర్ ఎనర్జీ పెంచి రాబట్టండి. ఎనర్జీ ఇంకా పెరగదంటే ఫోకస్‌ను పిసరంత తప్పించడం ఒక ఉపాయం. పనిచేస్తుంది గానీ బొమ్మ అంచుల్లో రేణువుల ఆకారం చెడుతుంది కాబట్టి అది మా రెండో ఎంపిక. ఇప్పటికే తీసిన డేటాను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ప్రశ్న: జతలో రెండో ఫ్రేమ్ ఎప్పుడూ మొదటిదానికంటే తెల్లగా వస్తోంది. లేజర్ పాడైందా? (పీహెచ్‌డీ విద్యార్థి, యశ్వంతపుర)

లేజర్ బాగానే ఉండొచ్చు. పీఐవీ కెమెరా మొదటి ఫ్రేమ్‌ను తక్కువసేపే తెరుస్తుంది. మొదటి ఫ్రేమ్‌ను చదివి పక్కన పెట్టేంతసేపూ రెండోది తెరిచే ఉంటుంది, సెకనుకు 15 జతల వేగంలో అది పదుల మిల్లీసెకన్లు. అంతసేపూ ట్యూబ్‌లైటు, కంప్యూటర్ తెర, తలుపు సందులోంచి వచ్చే వెలుగు అన్నీ అందులో పడతాయి. గది చీకటి చేసి, లెన్స్ ముందు 532 నానోమీటర్ల బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టండి. అప్పటికీ తేడా ఉంటే నీళ్ళు నిశ్చలంగా ఉన్నప్పుడు ఒక పరీక్ష చేయండి: పల్సుల మధ్య కొన్ని మైక్రోసెకన్లే పెట్టి వంద జతలు తీయండి. కదలిక సున్నా రావాలి, కొరిలేషన్ (రెండు బొమ్మల మధ్య పోలిక) చాలా ఎక్కువ రావాలి. కొరిలేషన్ పడిపోతే రెండు లేజర్ కిరణాలూ ఒకే తలంలో పడట్లేదన్నమాట. అప్పుడు లేజర్ తల దగ్గరా టెస్ట్ సెక్షన్ (మోడల్ ఉండే భాగం) దగ్గరా బర్న్ పేపర్ పెట్టి, రెండు చోట్లా మచ్చలు ఒకదానిమీద ఒకటి పడేదాకా సరిచేయాలి. ఒక్కచోట సరిపోయాయని ఆపేస్తే మిగతా దూరంలో విడిపోతాయి. లేజర్ వేడెక్కడానికి అరగంట ఇచ్చాకే ఈ పరీక్ష.

ప్రశ్న: టనెల్ ఖాళీగా ఉన్నప్పుడే స్కేలు పెట్టి ఫొటో తీసుకుని క్యాలిబ్రేషన్ చేశాం. పిటో ట్యూబుతో (పీడనం తేడాను బట్టి వేగం కొలిచే గొట్టంతో) పోలిస్తే మా వేగం ప్రతిసారీ 5 శాతం ఎక్కువ వస్తోంది. (ముగ్గురు విద్యార్థులు, జక్కూరు)

ఆ 5 శాతం నీటిదే. చెరువు అడుగు పైకి లేచినట్టు కనబడుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతోంది. ఉదాహరణకు కెమెరా నుంచి గాజుకు 600 మిల్లీమీటర్లు, గాజు నుంచి షీట్‌కు 150 మిల్లీమీటర్లు అనుకోండి. ఖాళీ టనెల్‌లో కెమెరాకు దూరం 750. నీళ్ళు నింపాక ఆ 150 కాస్తా 1.33తో భాగిస్తే 113 అయి, మొత్తం 713గా కనబడుతుంది. వస్తువు 5 శాతం పెద్దదవుతుంది. మీరు పొడి స్కేలుతో లెక్కవేస్తే వేగమూ అంతే పెరుగుతుంది.

నీళ్ళు నింపి, పంపు ఆపి, క్యాలిబ్రేషన్ పలకను షీట్ తలంలోనే ముంచండి. లేజర్‌ను అతి తక్కువ పవర్‌లో పెట్టి, వెలుగు పలక ముఖాన్ని ఒరుసుకుంటూ పోయేలా చూస్తే తలం కుదిరినట్టే. కెమెరా అక్షం గాజుకు లంబంగా ఉండాలి. పలక మీద చుక్కల మధ్య దూరం బొమ్మ నాలుగు మూలల్లోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. పాత బొమ్మలకు కొత్త స్కేలు వాడి మళ్ళీ లెక్కవేయొచ్చు, కెమెరాను కదపలేదంటేనే. రెండు కెమెరాలతో చేసే స్టీరియో పీఐవీలో అవి వాలుగా చూస్తాయి కాబట్టి గాజుకు బయట నీళ్ళు నింపిన ప్రిజం అంటించి, కెమెరా ప్రిజం ముఖాన్ని నిలువుగా చూసేలా పెట్టాలి.

ప్రశ్న: ఎల్‌డీవీలో లేజర్ తరంగదైర్ఘ్యం నీటిలో తగ్గుతుంది కదా. మరి ఫ్రింజ్ దూరాన్ని (కిరణాలు కలిసేచోట ఏర్పడే వెలుగు చారల మధ్య ఎడాన్ని) 1.33తో భాగించాలా? (లెక్చరర్, రాజాజీనగర్)

అక్కర్లేదు, భాగిస్తేనే తప్పు. నీటిలోకి వెళ్ళినప్పుడు తరంగదైర్ఘ్యం 1.33 రెట్లు తగ్గుతుంది. కిరణాల మధ్య సగం కోణం సైనూ అన్నే రెట్లు తగ్గుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. చదునైన గాజు, కిరణాలు సమానంగా రెండువైపులా వాలి ఉంటే చాలు. కిరణాల దూరం 50 మిల్లీమీటర్లు, లెన్స్ 250 మిల్లీమీటర్లు, 532 నానోమీటర్ల లేజర్ అయితే ఫ్రింజ్ దూరం గాలిలోనూ నీటిలోనూ 2.67 మైక్రాన్లే. సెకనుకు 0.2 మీటర్ల వేగానికి 75 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తుంది. ప్రవాహం వెనక్కి తిరిగేచోట దిశ తెలియడానికి ఒక కిరణం ఫ్రీక్వెన్సీని బ్రాగ్ సెల్‌తో, మామూలుగా 40 మెగాహెర్ట్జ్, జరపాలి.

మారేది కొలిచే చోటు. ట్రావర్స్‌ను (ఎల్‌డీవీ పరికరాన్ని జరిపే అమరికను) 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే నీటిలో కొలిచే బిందువు 13.3 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఈ గుణకం మరిచిపోతే బౌండరీ లేయర్ (గోడను ఆనుకుని నెమ్మదించే పొర) మందం పావు వంతు తక్కువ కనబడుతుంది. పైపుల్లాంటి వంపు గోడలకు ఈ సులువు లెక్క చెల్లదు. పైపు చుట్టూ చదరపు పెట్టె కట్టి నీళ్ళు నింపితే చాలావరకు దారికొస్తుంది.

ప్రశ్న: అల్యూమినియం మోడల్ దగ్గర బొమ్మ అంతా తెల్లగా కాలిపోయినట్టు ఉంది. గోడకు 3 మిల్లీమీటర్ల దాకా ఏమీ కనబడట్లేదు. (ఎం.టెక్ విద్యార్థి, హెబ్బాళ్)

ముందు మోడల్‌కు మ్యాట్ నలుపు పూయండి, మెరిసే నలుపు పనికిరాదు. షీట్ గోడను ఢీకొట్టకుండా ఒరుసుకుంటూ పోయేలా దిశ మార్చండి. అదీ చాలకపోతే రోడమిన్ బి అనే రంగు కలిపిన ఫ్లోరసెంట్ రేణువులు వాడి, కెమెరా ముందు 550 లేదా 570 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ పెట్టాలి. గోడ నుంచి తిరిగొచ్చే 532 ఆగిపోతుంది, రేణువులు వెదజల్లే నారింజ వెలుగు మాత్రమే కెమెరాకు చేరుతుంది. ఈ రేణువులు ఖరీదైనవి, పెద్ద టనెల్ మొత్తానికి వేయాలంటే కష్టం. చూసే ప్రాంతానికి పైనుంచి సన్నటి గొట్టంతో వదిలితే తక్కువతో సరిపోతుంది, అయితే గొట్టమే ప్రవాహాన్ని కలత పెట్టకుండా టెస్ట్ సెక్షన్‌కు ముందుండే సెట్లింగ్ చాంబర్‌లోనే వదలాలి.

ప్రశ్న: మా టనెల్‌కు ట్యాంకర్ నీళ్ళే దిక్కు. గాజు మీద తెల్ల చారలు, మోడల్ నిండా బుడగలు. ఏం చేయాలి? (ల్యాబ్ టెక్నీషియన్, పీణ్య)

లేజర్‌కు పెట్టే శ్రద్ధలో సగం నీళ్ళకు పెడితే ప్రయోగాలు ఎంతో బాగుపడతాయి. మీ ప్రశ్న చూసి సంతోషించాం. ఇక్కడి ట్యాంకర్లో వచ్చేది ఎక్కువగా బోరు నీరు, గట్టిది. 5 మైక్రాన్ల క్యాట్రిజ్ ఫిల్టర్ గుండా పంపి నింపండి, వీలైతే ఆర్‌ఓ నీరు. గాజు మీది చారలకు నీళ్ళు కలిపిన వెనిగర్‌తో మెత్తటి గుడ్డ. కిటికీలు అక్రిలిక్ అయితే స్పిరిట్, థిన్నర్, అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వద్దు, వెంట్రుక పగుళ్ళు వస్తాయి.

కొళాయి, ట్యాంకర్ నీళ్ళలో కరిగిన గాలి ఎక్కువ. నింపిన వెంటనే ప్రయోగం మొదలుపెడితే ఆ గాలి గాజుకూ మోడల్‌కూ బుడగలుగా అంటుకుంటుంది. ఒక రోజంతా నిలవనిచ్చి, తర్వాత మెత్తటి బ్రష్‌తో మోడల్‌ను తుడవండి. 50 మైక్రాన్ల బుడగ సెకనుకు 1.4 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, రేణువు కంటే ఎక్కువగా మెరుస్తుంది, కొరిలేషన్‌ను తనవైపు లాగేస్తుంది. రోజు గడిచినా బుడగలు వస్తూనే ఉంటే పంపు షాఫ్ట్ సీల్ దగ్గర గాలి పీలుస్తోంది. చూడాల్సింది అక్కడ.

పీఐవీ నడిచేటప్పుడు ఫిల్టర్‌ను బైపాస్ చేయండి, లేకపోతే వేసిన రేణువులన్నీ క్యాట్రిజ్‌లో చేరతాయి. పాచి పట్టకుండా కొద్దిగా క్లోరిన్ మంచిదే గానీ, రోడమిన్ రంగుతో ఎల్‌ఐఎఫ్ (లేజర్‌తో రంగును వెలిగించి దాని గాఢత కొలిచే పద్ధతి) చేసే రోజుల్లో వద్దు. క్లోరిన్ ఆ రంగును విరగ్గొడుతుంది, గాఢత తగ్గినట్టు కనబడుతుంది. క్లోరిన్ ఉన్న నీరే దొరికితే సోడియం థయోసల్ఫేట్‌తో ముందుగా విరిచేయండి.

థర్మామీటరు ఒకటి టెస్ట్ సెక్షన్‌లోనే ఎప్పుడూ ఉండనివ్వండి. చలికాలం పొద్దున నీళ్ళు 18 డిగ్రీలుండి మధ్యాహ్నానికి 25 అయితే స్నిగ్ధత 15 శాతం తగ్గుతుంది, పంపు వేగం మార్చకుండానే రేనాల్డ్స్ సంఖ్య 18 శాతం పెరుగుతుంది.

ప్రశ్న: సగటు వేగానికి ఎన్ని జతలు తీయాలి? (పేరు రాయలేదు)

టర్బులెన్స్ (వేగంలో ఒడిదుడుకులు) 10 శాతం ఉన్నచోట సగటులో 1 శాతం లోపు తప్పు, 95 శాతం నమ్మకంతో కావాలంటే సుమారు 400. ఒడిదుడుకుల పరిమాణం కావాలంటే ఇంకా ఎక్కువ: 1,000 జతలకు తప్పు 4.4 శాతం. ఈ లెక్క ఒకదానితో ఒకటి సంబంధంలేని బొమ్మలకే. వెంటవెంటనే తీసిన వెయ్యి బొమ్మలు వెయ్యి కావు.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. పెద్ద పచ్చ లేజర్‌తో పని అంటోంది. కళ్ళకు ప్రమాదం లేదు కదా అని అడిగితే "ఏం కాదమ్మా" అంటోంది. నిజం చెప్పండి. (ఒక తల్లి, మదనపల్లె)

అమ్మా, జాగ్రత్తలు పాటిస్తే ప్రమాదం లేదు. పాటించకపోతే ఉంది. పీఐవీలో వాడే ఎన్‌డీ-యాగ్ లేజర్ నాలుగో తరగతిది, అంటే లేజర్లలో అత్యంత ప్రమాదకరమైన వర్గం. ఒక్కో పల్స్ సెకనులో వందకోట్లవ వంతులు ఎనిమిదో పదో మాత్రమే ఉంటుంది, కాబట్టి రెప్ప వేసి తప్పించుకోవడం కుదరదు. కంటి కటకం ఆ వెలుగును రెటీనా మీద లక్ష రెట్లు గాఢంగా పోగుచేస్తుంది. అక్కడ కాలినది తిరిగి రాదు. పచ్చ వెలుగుతోపాటు కనబడని 1064 నానోమీటర్ల కిరణం కొంత మిగిలి ఉండొచ్చు, అదీ రెటీనాకే చేరుతుంది.

మీ అమ్మాయిని ఈ నాలుగూ అడగండి. కళ్ళజోడు మీద 532, 1064 రెండు అంకెలూ, వాటి పక్కన ఓడీ (వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 6 లేదా అంతకంటే ఎక్కువ అనీ ముద్రించి ఉందా? చలువ కళ్ళద్దాలు దీనికి పనికిరావు. గది తలుపు తెరిస్తే లేజర్ తనంతట తానే ఆగే ఏర్పాటుందా? షీట్ టనెల్ దాటి బయటికి వచ్చేచోట నల్లటి అడ్డు ఉందా? పని చేసేటప్పుడు వాచీ, ఉంగరాలు, గాజులు తీసేస్తోందా? మెరిసే లోహం, నీటి పైతలం కూడా కిరణాన్ని కంటికి తిప్పగలవు. షీట్ ఎత్తుకు కళ్ళు రాకుండా కుర్చీ ఎత్తు చూసుకోవడం, అద్దాలు సర్దే పని అతి తక్కువ పవర్‌లో చేయడం, ఆ గదిలో ఒంటరిగా ఉండకపోవడం కూడా అడగండి. అన్నింటికీ "అవును" అంటే నిశ్చింతగా ఉండండి. ఒక్కదానికి "లేదు" అన్నా గైడ్‌కు చెప్పి సరిచేయించుకున్నాకే లేజర్ వేయమనండి, మీరు పట్టుబట్టి చెప్పడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మాది చిన్న ఇంజనీరింగ్ కాలేజీ. లక్షలు పోసి పీఐవీ కొనలేం. ఫోను కెమెరాతో పిల్లలకు ఏమైనా చూపించగలమా? (అసిస్టెంట్ ప్రొఫెసర్, హొసకోటె)

చూపించడమే కాదు, అంకెలూ రాబట్టొచ్చు. వేగం సెకనుకు 5 సెంటీమీటర్ల లోపు ఉంచండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను చాలు. 60 మిల్లీమీటర్ల వెడల్పు 1,080 పిక్సెళ్ళ మీద పడితే మిల్లీమీటరుకు 18 పిక్సెళ్ళు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య రేణువు 0.21 మిల్లీమీటర్లు, అంటే 3.75 పిక్సెళ్ళు జరుగుతుంది. ఎక్స్‌పోజర్ సెకనులో వెయ్యో వంతు పెడితే సాగుడు ఒక పిక్సెల్ లోపే.

వెలుగుకు ఎస్‌పీ రోడ్డులో దొరికే చౌక పచ్చ లేజర్ కొని గాజు కడ్డీ గుండా పంపుదామని అందరికీ తోస్తుంది. మొదటి, రెండో సంవత్సరం పిల్లల ల్యాబ్‌కు మేం వద్దంటాం. 5 మిల్లీవాట్లు దాటితే అది 3బీ తరగతి, కళ్ళజోడు తప్పనిసరి. పైగా చౌకవాటిలో ఇన్‌ఫ్రారెడ్ ఆపే ఫిల్టర్ లేకపోతే 808, 1064 నానోమీటర్లు కూడా బయటికి వస్తాయి. దానికంటే వరుసగా పేర్చిన తెల్ల ఎల్‌ఈడీలు, వాటి ముందు నల్ల కాగితం మధ్య 3 మిల్లీమీటర్ల సందు మేలు. షీట్ మందంగా ఉంటుంది, పాఠానికి చాలు. వెలుగు తక్కువ కాబట్టి 50 మైక్రాన్ల పాలీఅమైడ్ రేణువులు వాడండి. టనెల్ వెనక గోడకు నల్ల కాగితం అంటించండి.

ఫోనులో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే బొమ్మ మొత్తాన్ని అది జరుపుతుంది, మీకు లేని ప్రవాహం కనబడుతుంది. ఫోను సెన్సార్ వరుస తర్వాత వరుస చదువుతుందని భయపడక్కర్లేదు: ఒక్కో వరుసకూ తర్వాతి ఫ్రేములో అదే వరుసకూ మధ్య ఎడం ఒకటే కాబట్టి వేగం తప్పదు, బొమ్మ పైభాగం కిందిభాగం ఒకే క్షణానివి కావు, అంతే. స్లో మోషన్ ఫైలును చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములని రాసి దాస్తాయి. సాఫ్ట్‌వేర్ ఆ 30ని నమ్మితే మీ వేగం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సమయం 1/240 అని మీరే చేత్తో ఇవ్వండి. లెక్కకు పైథాన్‌లో ఓపెన్‌పీఐవీ ఉంది, ఉచితం. కాలేజీకి మ్యాట్‌ల్యాబ్ ఉంటే పీఐవీల్యాబ్ నేర్చుకోవడం తేలిక.

నీళ్ళ జోలికి పోకముందే ఒక పరీక్ష చేయించండి. టిక్కుటిక్కుమనకుండా జారే సెకన్ల ముల్లున్న గోడగడియారం యంత్రాన్ని వెల్లకిలా పెట్టి, ముల్లు బదులు దాని ఇరుసుకు పలుచటి కాగితపు చక్రం అమర్చండి. చక్రం నిండా సన్నటి చుక్కలు ముద్రించి ఉండాలి. కేంద్రం నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర వేగం సెకనుకు 5.2 మిల్లీమీటర్లని ముందే తెలుసు. పక్కపక్క ఫ్రేముల మధ్య అది 0.4 పిక్సెలే జరుగుతుంది కాబట్టి పదేసి ఫ్రేముల ఎడంతో జతలు తీసుకోండి, 3.9 పిక్సెళ్ళు వస్తుంది. ఆ వేగం రావాలి, వోర్టిసిటీ (తిరుగుడు తీవ్రత) చక్రం అంతటా సెకనుకు 0.21 రావాలి. ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ వస్తే ఫోను వాలుగా ఉంది. అంతటా ఒకే నిష్పత్తిలో తప్పితే స్కేలో, ఫ్రేమ్ రేటో తప్పు. ఇది కుదిరాక పిల్లలను నీళ్ళ దగ్గరికి పంపండి.